'ఒంట్లో ఎలా ఉంది?' అని కూడా అడగండి

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ వారికి,

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, బీపీ, షుగరు లాంటి జబ్బుల ముప్పును అంచనా వేయడానికి నింపే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవారిని నడుస్తుంటే తూలుతున్నారా, రోజువారీ పనులకు ఒకరి సాయం కావాలా అని అడుగుతున్నారు. మంచిదే. మీ ఆరోగ్యం ఎలా ఉందనుకుంటున్నారన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. దాన్ని చేర్చమని కోరుతున్నాను. కీళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది మరీ అవసరం. బీపీ, షుగరు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలవు. మోకాలు అలా ఊరుకోదు. పీట మీంచి లేవాలన్నా, నేల మరుగుదొడ్డిలో కూర్చోవాలన్నా, పల్లెవెలుగు బస్సు మొదటి మెట్టు ఎక్కాలన్నా ప్రాణం తీస్తుంది. అందుకే బీపీ అదుపులోనే ఉందని చీటీలో రాసి ఉన్నా, 'ఒంట్లో ఏం బాగోలేదు' అంటారు. రెండూ నిజమే, రికార్డుకెక్కేది ఒక్కటే.

ఆ మాట ఉత్త అభిప్రాయమని మీ నిపుణులు అనవచ్చు. పరిశోధకులు ఇడ్లర్, బెన్యామినీ 1997లో 27 అధ్యయనాలను సమీక్షించారు. తెలిసిన జబ్బులను లెక్కలోకి తీసుకున్నాక కూడా, దాదాపు అన్నింటిలోనూ తమ ఆరోగ్యంపై మనుషులు చెప్పిన అభిప్రాయమే మరణం ముప్పును ముందుగా సూచించింది. ఇక ఎక్స్‌రే అంటారా, అందులో కీలు బాగా అరిగినట్టు కనిపించినా పొలం గట్ల మీద తిరిగేవారున్నారు, పెద్ద తేడా కనపడకపోయినా మంచం దిగలేనివారున్నారు. నొప్పి ఎంతో చెప్పగలిగేది పడేవాళ్లే.

అసలైన అభ్యంతరం ఆర్థికవేత్త అమర్త్యసేన్‌ది. ఎక్కువకాలం బతికే కేరళ ప్రజలే ఎక్కువ జబ్బులు చెప్పుకుంటారు, బిహార్‌లో తక్కువ చెప్పుకుంటారు, కాబట్టి మనిషి మాటనే నమ్ముకుంటే మోసపోతామని ఆయన 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెచ్చరించారు. కాదనలేని మాట. మన ఇళ్లలోనూ 'ఈ వయసులో ఇవన్నీ మామూలే' అని సరిపెట్టుకునేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంతమంది! అయితే దీన్నిబట్టి అడగడం మానేయకూడదు, పక్కన ఏ పని కష్టంగా ఉందన్న ఇంకో ప్రశ్న ఉంచాలి. 'బాగానే ఉన్నా' అన్న మనిషి నేల మీంచి లేవడానికి గోడ పట్టుకుంటోందంటే, ఆ తేడాయే ఆశా కార్యకర్త రాసుకోవాల్సిన విషయం.

అడిగి చేసేదేముందని కొట్టిపారేయకండి. తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం మోకాలి నొప్పిని తగ్గిస్తాయి. ఆ దారి చూపేవాళ్లు లేకే నొప్పి పడేవాళ్లు మందుల షాపుకు వెళుతున్నారు. అక్కడ చీటీ లేకుండా కొనే నొప్పి బిళ్లల్లో చాలావరకు బీపీని పెంచేవే, కిడ్నీలను దెబ్బతీసేవే. మీరు ఇంత శ్రమపడి కొలుస్తున్న బీపీకి అవే ఎసరు పెడుతున్నాయి.

కొత్త ప్రశ్న తయారు చేయాల్సిన పని కూడా లేదు. 2017-18లో వృద్ధాప్యంపై మీ శాఖ చేయించిన లాసీ సర్వేలో, 45 దాటినవారినీ వారి జీవిత భాగస్వాములనూ కలిపి 72 వేల మందికి పైగా మాట్లాడించినప్పుడు మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. అదే ప్రశ్నను సీబ్యాక్‌లోకి తీసుకోండి. జవాబు ఏదైనా, ఏ పని కష్టంగా ఉందో కూడా అడిగి రాయించండి. 2010 నుంచి నడుస్తున్న వయోవృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద, కష్టం ఉందన్నవారిని ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపే బాధ్యత ఎవరిదో అదే ఫారంలో తేల్చండి.