మూగబోయిన కారు రేడియో

మిక్సీ, గ్రైండరు, గ్యాసు పొయ్యి, కుట్టు మిషను... ఈ శీర్షికలో ఇన్నాళ్ళూ ఇంటి లోపల వస్తువుల గురించే చెప్పుకున్నాం. ఈ వారం వాకిట్లో నిలబడి ఉండే వస్తువు దగ్గరికి వెళదాం. అదే, కారు! "అది మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకు?" అనకండి. బండి ఎవరు నడిపినా, దాని బిల్లు ఇంటిఖర్చులోంచే కదా పోయేది!

మా ఆదోనిలో గానీ, ఎమ్మిగనూరులో గానీ ఇప్పుడు చాలా ఇళ్ళ ముందు కార్లున్నాయి. కొత్తది కొన్నవాళ్ళు కొందరు, పదీ పన్నెండేళ్ళు తిరిగిన బండిని బేరమాడి కొన్నవాళ్ళు ఇంకొందరు. ఆ బండితో పాటు కంపెనీవాళ్ళు అమర్చి ఇచ్చిన రేడియో ఒకరోజు చెప్పాపెట్టకుండా మూగబోతుంది. అంగడికి తీసుకుపోతే ఏమంటారు? "సెట్టు పోయిందమ్మా, కొత్తది వేసుకోండి" అంటారు. మనం తలూపి వస్తాం. నిజంగా సెట్టే పోయిందా అని ఎంతమందిమి అడుగుతాం?

ఎమ్మిగనూరులో ఉండే మా ఆడబిడ్డకు ఇదే జరిగింది. ఫోన్ చేసి, "వదినా, కారులో రేడియో సచ్చిపోయిందంట. కొత్తదానికి తొమ్మిది వేలంట. పాప కాలేజీ ఫీజుకని ఎత్తిపెట్టిన దుడ్లున్నాయి కదా, అందులోంచి తీయమంటాడు మీ అన్న. ఏం చేద్దాం?" అంది.

"అది సరే గానీ, సెల్లు ఛార్జింగు పెట్టుకునే తూటు పనిచేస్తాందా?" అని అడిగాను.

"లేదొదినా, అదీ రెండు దినాల నుంచి పనిచేయట్లేదు."

అక్కడే గుట్టు తెలిసిపోయింది! చాలా కార్లలో ఆ తూటుకూ, రేడియోకూ కలిపి ఒకటే ఫ్యూజు ఉంటుంది. తాళం తీసేసి, టార్చి వేసి లోపల చూడమన్నాను. వాళ్ళ చిన్నోడు వేసిన రూపాయి బిళ్ళ అందులో పడి ఉంది. లోహపు బిళ్ళ తగిలేసరికి ఫ్యూజు ఎగిరిపోయింది. బిళ్ళ తీసి, అదే నంబరు ఫ్యూజు వేస్తే రేడియో లేచి కూర్చుంది. ఖర్చు పది రూపాయలు! పాప ఫీజు దుడ్లు డబ్బాలోనే ఉన్నాయి.

అందరిళ్ళలోనూ ఇంత సులువుగా తేలదు. కానీ వరసగా చూసుకుంటూ పోతే దోవ దొరుకుతుంది.

ముందు రోగమేదో చూడండి

పిల్లవాడికి ఒళ్ళు బాగాలేకపోతే జ్వరమా, జలుబా, అజీర్తా అని చూస్తాం కదా. ఇదీ అంతే.

దీపం వెలగదు, గడియారం కనబడదు, ఏ బటను నొక్కినా ఉలుకూ పలుకూ లేదు అంటే సెట్టుకు కరెంటు అందట్లేదని ముందు అనుమానించాలి. దీపం వెలుగుతుంది గానీ మాట రాదంటే కరెంటు బాగానే ఉంది. మ్యూట్ నొక్కి ఉందేమో, శబ్దాన్ని ముందుకీ వెనక్కీ పంపే మీట ఒక పక్కకి పోయిందేమో చూడండి. పిల్లలున్న ఇళ్ళలో ఇది మామూలే. అదీ కాకపోతే స్పీకరు తీగలు చూడాలి.

పెన్‌డ్రైవ్‌లో పాటలు వస్తూ స్టేషన్లు మాత్రం రాకపోతే తప్పు ఏరియల్‌ది. బండి కడిగేటప్పుడు పైన కడ్డీ వదులైందేమో గట్టిగా తిప్పండి. ఊరు దాటాక స్టేషను సన్నగిల్లితే మాత్రం సెట్టుని తిట్టకండి. ఎఫ్.ఎం. అలలు దాదాపు సూటిగా పోతాయి, గుట్టలు అడ్డమొస్తే, దూరం పెరిగితే తగ్గిపోతాయి. మనవి సరిహద్దు ఊళ్ళు కాబట్టి తెలుగు పాట మధ్యలో కన్నడ వార్తలు దూరినా ఆశ్చర్యం లేదు.

బండి ఆపిన ప్రతిసారీ గడియారం, స్టేషన్లు మరిచిపోతుంటే దాని జ్ఞాపకశక్తికి వెళ్ళే కరెంటు తెగిందన్నమాట. బ్యాటరీ మార్చాక "కోడ్" అని అడుగుతుంటే అది పాడవలేదు, తాళం వేసుకుంది! దొంగలు ఎత్తుకుపోయినా పనిచేయకుండా కంపెనీవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది. బండితో ఇచ్చిన పుస్తకంలోనో, కార్డు మీదనో ఆ అంకెలుంటాయి. లేకపోతే బండి కాగితాలు తీసుకుని కంపెనీ షోరూముకి వెళ్ళాలి. ఊరికే తోచిన అంకెలు కొడుతూ పోతే తాళం ఇంకా బిగుసుకుంటుంది.

ఫ్యూజు సంగతి

స్టీరింగు కింద ఒక డబ్బా, బానెట్ లోపల బ్యాటరీ దగ్గర ఇంకో డబ్బా ఉంటాయి. ఏ ఫ్యూజు దేనికో మూత వెనకో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. రేడియోకి ఒక్కోసారి రెండు ఫ్యూజులు. ఒకటి తాళం తిప్పితే వచ్చే కరెంటుకి, ఇంకోటి జ్ఞాపకశక్తికి. ఈ రెండోది చాలా బండ్లలో లోపలి దీపంతో కలిసి ఉంటుంది. కాబట్టి తలుపు తెరిస్తే దీపం వెలగట్లేదు, రేడియో కూడా లేదు అంటే సగం జవాబు దొరికినట్టే. ఇవి కాక చాలా సెట్ల వీపు మీద ఇంకో ఫ్యూజు ఉంటుంది.

తాళం తీసేసి, ఫ్యూజుని బయటికి లాగి వెలుతురులో చూడండి. మధ్య తీగ తెగి ఉంటే పోయినట్టే. రంగుని బట్టి నంబరు తెలుస్తుంది. ఎరుపు 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30. ఏ నంబరు పోతే అదే నంబరు వేయాలి.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్తున్నాను, వినండి. "10 నిలవట్లేదు, 30 వేసేద్దాం" అనేవాళ్ళుంటారు. చాక్లెట్ కాగితం చుట్టి పెట్టేవాళ్ళూ ఉంటారు. ఫ్యూజు రేడియోని కాపాడటానికే అనుకుంటాం గానీ, అది ముఖ్యంగా తీగని కాపాడుతుంది. లోపల ఎక్కడో తప్పుందని చెప్పడానికే అది తెగుతుంది. దాని నోరు మూసేస్తే తీగ వేడెక్కి, పైతొడుగు కరిగి, మంటలు లేస్తాయి. ఆ బండిలో వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలు! కొత్త ఫ్యూజు వేసిన వెంటనే మళ్ళీ పోతే ఇంకోటి వేయకండి, ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకుపోండి.

ఫ్యూజు బాగున్నా సెట్టు పలకకపోతే బ్యాటరీ చూడండి. మన వైపు ఎండాకాలం బ్యాటరీలకు శత్రువు. నీళ్ళు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరు తగ్గిపోతుంది, కొనల మీద తెల్లగా, పచ్చగా పిండి పడుతుంది. ఇంజను ఆపి కాసేపయ్యాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజను ఆడుతుంటే 14కి అటూ ఇటూ చూపిస్తుంది. రెండు మూడు వందలకి మల్టీమీటరు దొరుకుతుంది. ఇంట్లో ఉంటే పది పనులకు పనికొస్తుంది.

ఒక్కోసారి సెట్టు సెల్‌ఫోనులాగే బిగుసుకుపోతుంది. బ్యాటరీ నెగటివ్ తీగని పది నిమిషాలు తీసి పెడితే తేరుకోవచ్చు. కానీ ముందు కోడ్ అంకెలు చేతిలో ఉన్నాయో లేదో చూసుకోండి.

నిజంగానే పోతే?

మా ఇంట్లో బండిది ఈ రకమే. ఫ్యూజులు బాగున్నాయి, సెట్టు వెనక తీగల్లో కరెంటు ఉంది, నేల తీగ గట్టిగా ఉంది. అయినా ప్రాణం లేదు. మనది నల్లరేగడి దుమ్ము, పైగా పత్తి సీజనులో ఆదోని జిన్నింగు మిల్లుల వైపు దూది గాల్లో తేలుతుంటుంది. సీడీ కంటికి దుమ్ము పడితే తుడుచుకోవచ్చు గానీ, లోపలి బోర్డు పోతే మామూలు మెకానిక్కు చేతిలో లేదు. అయినా పాత రేడియోలు బాగుచేసే చేయి తిరిగిన మనిషి ఊళ్ళో ఉంటే ఒకసారి చూపించండి. టంకం వదిలినంత మాత్రాన పోయినవి చాలానే ఉంటాయి.

కొత్తది కొనాలంటే మొదట కొలత. జాకెట్టుకి ఆది ఇచ్చినట్టే! జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు మీద ఈ కొలతని 'డిన్' అంటారు. వెడల్పు సుమారు 7 అంగుళాలు. ఎత్తు 2 అంగుళాలైతే సింగిల్ డిన్, 4 అంగుళాలైతే డబుల్ డిన్. చుట్టూ సరిపడే ఫ్రేము మీ బండి మోడలుకి వేరుగా అడగాలి.

రెండోది, మీ మోడలుకి తగిన కప్లరు. ఇది పెడితే కంపెనీ తీగని ఒక్కదాన్ని కూడా కోయనక్కర లేదు. "కట్ చేసి టేపు చుట్టేస్తాలే మేడం" అంటే ఒప్పుకోకండి. ఆ టేపు మన ఎండకి జిగురు కారి ఊడిపోతుంది. కోసిన తీగల వల్ల వారంటీకీ ఇబ్బంది. ఇంకా, పాత సెట్టు మళ్ళీ పెట్టాలంటే కుదరదు. కప్లరు ఖర్చు కొన్ని వందలే.

మూడోది, తీగల రంగులు. బయట కొనే సెట్లలో పసుపుది ఎప్పుడూ కరెంటు ఉండేది. పసుపుతాడు లాంటిది, రాత్రీ పగలూ ఉండాల్సిందే. ఎరుపు పెట్టెలో పట్టుచీర లాంటిది, బయల్దేరినప్పుడే. తాళం తిప్పితేనే దాంట్లో కరెంటు రావాలి. నలుపు నేల తీగ. ఈ రెంటినీ కలిపేసి ఎప్పుడూ ఉండే కరెంటుకిస్తే రాత్రంతా బ్యాటరీ కారిపోయి తెల్లారి బండి కదలకపోవచ్చు. రెంటినీ తాళం కరెంటుకిస్తే స్టేషన్లు మరిచిపోతుంది. నీలం తీగ ఏరియల్‌కి. బలం ఇచ్చే ఏరియల్ ఉన్న బండిలో దీన్ని వదిలేస్తే కొత్త సెట్టులో స్టేషన్లు సరిగా రావు, మనం సెట్టు మంచిది కాదనుకుంటాం! అయితే ఈ రంగులు కొత్త సెట్టువి. బండిలోంచి వచ్చే తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి, రంగు చూసి ముడేయకూడదు.

స్పీకరు తీగల్లో ఏదీ బండి ఇనుముకి తగలకూడదు. తగిలితే కొత్త సెట్టే కాలిపోవచ్చు. బిగించాక ఇంజను వేగంతో పాటు ఈల పెరుగుతుంటే నేల తీగ సరిగా పట్టలేదని చెప్పండి. స్టీరింగు మీద బటన్లు, వెనక కెమెరా ఉంటే అవి పనిచేస్తాయో లేదో డబ్బులిచ్చే ముందే చూసుకోండి. పెట్టె మీద "50 వాట్లు నాలుగు" అని ఉంటుంది. అది క్షణకాలం ఇచ్చే బలం, అసలుది అందులో సగానికి లోపే. ఆ అంకె చూసి ఎక్కువ పెట్టకండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీయించండి. సెట్టు వెనక ఎలా ఉందో సెల్లులో ఫోటో తీసుకోండి. పసుపు తొడుగు వేసిన తీగలు, పసుపు కప్లర్లు కనబడితే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి ఎవరినీ పోనివ్వకండి, అది కంపెనీవాళ్ళ పని.

ఇంత అవసరమా అంటారా?

"సెల్లులో పాటలు వస్తాయి కదా" అంటాడు మా అబ్బాయి. కారు రేడియోకి పెద్ద చరిత్రే ఉంది. 1930లో అమెరికాలోని చికాగోలో గాల్విన్ అనే ఆయన కంపెనీ కార్లలో పెట్టే రేడియో తయారుచేసి దానికి మోటరోలా అని పేరు పెట్టింది. తర్వాత సెల్‌ఫోన్లతో మనకు తెలిసిన పేరు అదే! మన రాయలసీమకు 1963లో కడప ఆకాశవాణి వచ్చింది.

చరిత్ర సరే, అవసరం మాట చెప్తాను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయం, కర్నూలు మునిగిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. అలాంటప్పుడు కరెంటు ఉండదు, సెల్లు టవర్లు పనిచేస్తాయన్న నమ్మకమూ లేదు. కారు బ్యాటరీతో పలికే రేడియో అప్పుడు ఒక దిక్కు. ఏ దోవ మూసేశారో, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చెప్పడానికి ఒక గొంతు ఉండాలి కదా!

చివరిగా ఇంకో మాట. తీసిన పాత సెట్టుని చెత్తలో వేయకండి, పాత సామాన్ల ధరకీ ఇవ్వకండి. గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. బండి అమ్మేటప్పుడు "ఒరిజినల్ సెట్టు ఉందా?" అని అడిగేవాళ్ళుంటారు. అంగడి బిల్లు, కప్లరు కొన్న రసీదు, కోడ్ అంకెలు కలిపి బండి కాగితాల కవర్లో దాచండి.

ఈసారి ఎవరైనా "సెట్టు పోయిందమ్మా" అంటే మీరు అడగాల్సినవి మూడే. ఫ్యూజు చూశారా? సెట్టు దాకా కరెంటు వస్తోందా? నేల తీగ గట్టిగా ఉందా? ఈ మూడింటికీ జవాబు చెప్పినవాడికే పని ఇవ్వండి.

వచ్చే వారం కుక్కరు విజిలు రాకుండా ఆవిరి పక్కనుంచి పోతుంటే ఏం చేయాలో చూద్దాం. అంతవరకూ సెలవు.