ఓడే జట్టు మీద పందెం



అమెరికాలో కొడుకో కూతురో ఉన్న కుటుంబాలు మన సంఘాలలో తక్కువేమీ కాదు. ఫోను చేసినప్పుడు చదువు, ఉద్యోగం, వీసా, తిండి, అన్నీ అడుగుతాము. ఆదివారం ఆరాధనకు వెళ్ళావా అని కూడా అడుగుతాము. ఆటల మీద పందెం కాస్తున్నావా అని అడగడం మాత్రం మనకు తట్టదు. ఇప్పుడు ఆ మాట కూడా అడగాలని మా అభిప్రాయం.

ఆటల పందాలను రాష్ట్రాలు అనుమతించకుండా ఆపిన 1992 నాటి చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2018 మే 14న కొట్టివేసింది. తరువాత ముప్పైకి పైగా రాష్ట్రాలు అనుమతి ఇచ్చాయి. న్యూజెర్సీలో ఉన్న మన అబ్బాయి మంచం మీద పడుకొని సెల్‌ఫోనులోనే, చట్టప్రకారమే పందెం కాయవచ్చు. అందులో బేస్‌బాల్ సంగతి వేరు. ఒక్కొక్క జట్టు సీజనుకు 162 ఆటలు ఆడుతుంది. మార్చి చివరి నుండి సెప్టెంబరు చివరి వరకు దాదాపు రోజూ ఆట ఉంటుంది. ఈ రోజు పోయిన డబ్బు రేపు రాబట్టుకోవచ్చని ఆశ పెట్టడానికి ఇంతకన్నా అనువైన ఆట లేదు.

తాము తెలివిగా ఆడుతున్నామనుకునే వారు ఒక ఉపాయం చెబుతుంటారు. పరుగులు చేయలేని జట్టును వెదికి పట్టుకొని, అది ఓడుతుందని రోజూ కాస్తే డబ్బు ఖాయమట. వినడానికి బాగానే ఉంటుంది. 2024లో షికాగో వైట్ సాక్స్ జట్టు 162 ఆటల్లో 121 ఓడిపోయింది. 1900 తరువాత ఏ జట్టూ ఒక సీజనులో అన్ని ఓడలేదు. సీజనంతా కలిపి చేసినవి 507 పరుగులు, ఆటకు మూడు దాటి కొంచెం. (దీనిని క్రికెట్ లెక్కతో చూడకండి. బేస్‌బాల్‌లో ఒక జట్టుకు నాలుగైదు పరుగులు మామూలు.)

అయితే ఆ జట్టు ఓడుతుందని పందెం కంపెనీకి కూడా తెలుసు. అందుకే ఓటమి మీద కాసేవారికి తక్కువ ఇస్తుంది. 100 డాలర్లు గెలవాలంటే 300 డాలర్లు ఒడ్డాలి అనుకుందాము. ఈ రేటు ఆటకొక రకంగా మారుతుంది కాని, లెక్క కోసం ఒకటే పెట్టుకుందాము. ఆ జట్టు ఓడిన 121 ఆటలకు వచ్చేది 12,100 డాలర్లు. గెలిచిన 41 ఆటలకు పోయేది 12,300. నూరేళ్ళకు పైగా ఎవరూ చూడనంత ఘోరంగా ఓడిన జట్టు మీద, దాని ఓటమికే కాసినా 200 డాలర్లు నష్టం! పరుగులు ఇంతకన్నా తక్కువే వస్తాయని కాసే పందెమూ ఇంతే. జట్టు బలహీనమైతే కంపెనీ ఆ హద్దునే ముందుగా దించుతుంది. ఆ పందానికి మామూలుగా 100 గెలవడానికి 110 కట్టాలి. నూటికి 52 కంటే ఎక్కువసార్లు సరిగ్గా చెబితేనే గాని అసలు మిగలదు.

ఇంకొందరిది దీనికి ఎదురు వాదన. ఇన్ని ఓడారు కాబట్టి ఈ రోజు గెలిచి తీరుతారు అంటారు. అదే జట్టు 2024 జులై, ఆగస్టుల్లో వరుసగా 21 ఆటలు ఓడింది. ఒక డాలరుతో మొదలుపెట్టి ఓడినప్పుడల్లా రెట్టింపు కాస్తూ పోతే, ఇరవై ఒకటో ఆటకు పెట్టవలసినది 10,48,576 డాలర్లు.

ఆట లోపలివాడికి తెలుస్తుందేమో అనుకుంటే అదీ లేదు. టుకుపిటా మార్కానో అనే ఆటగాడు గాయంతో ఆటకు దూరంగా ఉన్న రోజుల్లో సొంత జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటల మీద కూడా పందాలు కాశాడు. 2024 జూన్‌లో అతనిని జీవితాంతం బహిష్కరించారు. బేస్‌బాల్ మీద అతను కాసిన పందాల్లో గెలిచినవి నూటికి 4.3 మాత్రమేనని లీగు ప్రకటించింది.

లెక్క తెలిసినా మానలేకపోవడమే ఈ జబ్బు. అవును, మేము జబ్బు అనే అంటున్నాము. 2022 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో జూదాన్ని వ్యసన ప్రవర్తనల క్రింద చేర్చారు. అబద్ధాలు చెప్పడం, పోయినదాని వెంటపడడం, నిద్ర లేకపోవడం, మానితే చిరాకు, అప్పు మీద అప్పు, ఇవి లక్షణాలు. చనిపోవాలనే ఆలోచన కూడా వీరిలో ఎక్కువ. దానిని తేలికగా తీసుకోవద్దు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. పార్కిన్సన్స్ వ్యాధికి వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందుల వలన అంతకుముందు పేకముక్క ముట్టని పెద్దవారికి కూడా జూదంపై ఆపలేని కోరిక పుట్టవచ్చు. ఇంట్లో అలా కనిపిస్తే మాత్రలు మీకై మీరు ఆపకుండా వైద్యునికి చెప్పండి.

ఇక తల్లిదండ్రులకు కొంచెం కఠినమైన మాట. అబ్బాయి ఏడ్చి అడిగాడని పొలం అమ్మి అప్పు మొత్తం ఒకేసారి తీర్చకండి. ప్రేమతో చేసే పనే అయినా, జబ్బుకు వైద్యం జరగకుండా అప్పు మాత్రం తీరితే, చేతికి మళ్ళీ అప్పు పుడుతుంది. అద్దె, తిండి, ఫీజు నేరుగా కట్టండి. డబ్బు లెక్క కొంతకాలం నమ్మకమైన మరొకరి చేతిలో ఉంచండి. పందెం కంపెనీలు తనను చేర్చుకోకుండా పేరు నమోదు చేసుకునే ఏర్పాటు న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో ఉంది, అది చేయించండి. ఆలోచనా తీరును సరిచేసే మాటల చికిత్సతో చాలామంది కోలుకుంటారు.

సంఘ పెద్దలకు కూడా మనవి. ప్రార్థన కూడికలో "ఆర్థిక ఇబ్బందులు" అని మాత్రమే చెప్పి కూర్చునే కుటుంబం వెనుక ఏముందో వేదికపై నుండి అడగకండి, ఇంటికి వెళ్ళి అడగండి. సిలువ క్రింద చీట్లు వేసిన సైనికుల మీద ప్రసంగం తరువాతైనా చేయవచ్చు. మన దేశంలో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో చట్టం వచ్చింది. అయినా ఐ.పి.ఎల్. రోజుల్లో మన వీధుల్లో ఏమి జరుగుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఉన్నవారు టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మన ఆసుపత్రికి వచ్చేవారు ఓ.పి. చీటీ దగ్గర కారణం చెప్పనవసరం లేదు. వైద్యుని గదిలో చెబితే చాలు.