వయసు సరే, బరువు అడగరేం?

ఈ వారం నాకు ఒళ్ళు మండించింది ఒక దరఖాస్తు ఫారం. ఊరి చివర గుర్రపుస్వారీ నేర్పే చోట మళ్ళీ చేరదామని వెళ్తే చేతికిచ్చారు. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, తండ్రి లేక భర్త పేరు, అన్నిటికీ గళ్ళున్నాయి. వయసు గడిలో నేను వేసిన అంకె చూసి కౌంటర్లో అబ్బాయి “మనవడికా మేడమ్?” అన్నాడు. నాకే అన్నాను. లోపలికెళ్ళి ఎవరినో కనుక్కొచ్చి, “మీ పిల్లల చేత ఒక సంతకం పెట్టించుకొచ్చేయండి” అన్నాడు. వాళ్ళ ప్రోగ్రెస్ కార్డుల మీద నేను పెట్టిన సంతకాలకు ఇది బదులు కాబోలు. సరే, పెట్టించాను. కానీ ఈ తతంగమంతటిలో నా బరువెంతని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఫారంలో ఆ గడే లేదు.

గుర్రానికి నా పుట్టినరోజుతో పనేమిటి? వీపెక్కే మనిషి ఎన్ని కిలోలు, కుదురుగా కూర్చుంటుందా, పగ్గాలు పట్టుకుని వేలాడుతుందా అన్నదే దాని బాధ. స్వారీ తెలిసినవాళ్ళ దగ్గర ఒక మోటు లెక్క ఉంది. రౌతూ జీనూ కలిపి గుర్రం బరువులో ఐదోవంతు దాటకూడదు. 400 కిలోల గుర్రమైతే 80 కిలోలు. అందులో జీనూ తక్కిన సరంజామా తీసేస్తే మనిషికి మిగిలేది డెబ్బై చిల్లర. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకునేటప్పుడు, ఎన్‌సీసీ రీమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్‌లో తెల్లారకుండానే జీను బిగించే రోజుల్లో, ఈ లెక్కతో నాకు అవసరం పడలేదు. అప్పుడు ములక్కాడలా ఉండేదాన్ని. తర్వాత ఉద్యోగం, కాన్పులు, థైరాయిడు వరసగా వచ్చి తలా కాస్త వడ్డించి పోయాయి. కాబట్టి ఇప్పుడు ఆ గడి ఉండాలి. నేను సిగ్గుపడతానని గుర్రం నడుము విరగ్గొడతారా?

అడగాల్సింది అడగరనే కాదు నా గోల, చేయాల్సింది చేయరని కూడా. గుర్రాన్ని ఎడమవైపు నుంచి ఎక్కడం కత్తి ఎడమ తుంటికి వేలాడిన కాలం నుంచి వస్తున్న అలవాటు. నేల మీద నుంచే రికాబులో కాలు పెట్టి ఎగబాకితే జీను అంతా ఒక పక్కకు లాగుతుంది. ఆ గుంజుడు గుర్రం భుజాల మధ్య ఎముకల మీద పడుతుంది. పక్కన రెండు మెట్ల పీట వేసుకుని ఎక్కితే ఆ బాధ ఉండదు. నేను పీట అడిగితే “పెద్దావిడ కదా” అని జాలిపడి తెచ్చారు. నా వెనక పదహారేళ్ళ కుర్రాడు హీరోలా కింద నుంచే ఎగబాకాడు. అతనికి చప్పట్లు.

ఇక ట్రాట్. గుర్రం ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ ఒకేసారి వేస్తుంది, ఆనక తక్కిన జంట. ఆ రెండు దెబ్బల తాళానికి రౌతు లేస్తూ కూర్చుంటూ పోవాలి. ఎన్నేళ్ళయినా ఆ తాళం మొదటి చుట్టులోనే దొరికింది. తొడ లోపలి కండరాలకు మాత్రం ఏమీ గుర్తులేదు, మర్నాడు మా అపార్ట్‌మెంట్ మెట్లు వెనక్కి తిరిగి దిగాను. కొత్తగా నేర్చుకునేవాడికి భయం ఉంటుంది కనుక జాగ్రత్త ఉంటుంది. తిరిగొచ్చినవాళ్ళకు ధైర్యం పాతదే ఉంటుంది, నడుం మాత్రం ఆ పాతది కాదు. తూలగానే మోకాళ్ళు బిగించి, పగ్గాలు పట్టుకుని వేలాడతారు. ఆ గుంజుడంతా కళ్ళెపు ఇనుము మీదుగా గుర్రం నోట్లో పడుతుంది. అందుకే మానేసి వచ్చినవాళ్ళను మొదట్లో గుర్రానికి పొడుగాటి తాడు కట్టి గుండ్రంగా తిప్పుతూ, చేతికి పగ్గాలివ్వకుండా కూర్చోబెట్టాలి. అలా తిప్పమని నేనే అడిగాను. “అది చిన్నపిల్లలకండీ” అన్నారు. ఎక్కడానికి పెద్దదాన్నయ్యాను, నేర్చుకోవడానికీ పెద్దదాన్నే అయ్యాను!

ఈ వయసులో ఎందుకనేవాళ్ళకు ఇద్దరి పేర్లు చెబుతాను. డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్‌కు 1944లో, కడుపుతో ఉండగా, పోలియో వచ్చింది. మోకాళ్ళ కింద చచ్చుబడిన కాళ్ళు మళ్ళీ స్వాధీనంలోకి రాలేదు. ఎవరో ఒకరు ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టాలి, దించాలి. గుర్రం చేత నాట్యంలాంటి అడుగులు వేయించే డ్రెసాజ్ పోటీ అప్పటిదాకా ఒలింపిక్స్‌లో సైనికాధికారులకే. 1952 హెల్సింకీలో మొదటిసారి ఆడవాళ్ళను రానిస్తే, ఆవిడ మగవాళ్ళతో కలిసి పోటీపడి వెండి పతకం తీసుకుంది. 1956లో మళ్ళీ వెండే. మడమతో గుర్రానికి సైగ చేయలేని మనిషి, నడుమూ బరువూ కదిపి దానితో మాట్లాడి గెలిచింది. బరువు సంగతి నేనెందుకింత పట్టుకు వేలాడుతున్నానో ఇప్పుడైనా తెలిసిందా?

రెండోవారు జపాన్ పెద్దాయన హిరోషి హోకెట్సు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో గుర్రం దూకించారు. తర్వాత మందుల కంపెనీ ఉద్యోగం. మళ్ళీ ఒలింపిక్స్‌లో కనిపించింది 2008 బీజింగ్‌లో, 67 ఏళ్ళకు. 2012 లండన్ నాటికి 71. వాళ్ళ పిల్లల సంతకం ఎవరైనా అడిగారో లేదో!

మన దగ్గర స్వారీ అంటే వేసవి క్యాంపు, సర్టిఫికెట్టు, ఫేస్‌బుక్కులో ఫొటో. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెసాజ్ జట్టు బంగారం గెలిస్తే, 41 ఏళ్ళ తర్వాత ఈ ఆటలో బంగారమని పండగ చేసుకున్నాం. ఆ నలుగురూ యూరప్‌లో ఉండి సాధన చేసినవాళ్ళు. ఇక్కడ బడి బ్రోచర్లలో గుర్రం బొమ్మ పెరిగింది గాని, నలభై దాటినవాళ్ళు ఉద్యోగానికి ముందు ఓ గంట స్వారీ చేసి పోయే బ్యాచి మా చుట్టుపక్కల ఎక్కడా కనపడదు.

పెద్దవాళ్ళు గుర్రమెక్కేది ఒక్క చోటే, బరాత్‌లో. మా నెల్లూరు వైపు పెళ్ళికొడుకును కారులోనో పల్లకిలోనో ఊరేగించేవారు. ఇప్పుడు సినిమా చూసి అందరికీ తెల్లగుర్రం కావాలి. డొక్కలు తేలిన పొట్టి గుర్రం మీద, జరీ షేర్వానీతో కలిపి క్వింటాలుకు దగ్గరగా ఉన్న వరుడు. ముందు తోడిపెళ్ళికొడుకని మేనల్లుడు. బరువులు మోసే జంతువుల గురించి 1965లో కేంద్రం చేసిన నియమాల్లో పొట్టి గుర్రం మీద మూట 70 కిలోలు దాటకూడదని ఉంది. మూటకున్న లెక్క పెళ్ళికొడుక్కి లేదా?

దానికి తోడు పక్కనే డీజే బండి. గుర్రం చెవులు దేనికది విడిగా తిరుగుతాయి, చిన్న అలికిడి కూడా పట్టుకోవడానికి. ఆ చెవుల్లో మనం పెట్టెల కొద్దీ మోత పోస్తాం, కాళ్ళ దగ్గర టపాకాయల సరం పేలుస్తాం. ఇనుప లాడం తారు రోడ్డు మీద జారుతుంది. బెదిరిన గుర్రం జారితే వరుడి కాలు పోతుంది, గుర్రం కాలూ పోతుంది. వరుడికి కట్టు కడతారు. కాలు విరిగిన గుర్రానికి మాలాంటి వైద్యులు చాలాసార్లు చేయగలిగింది ఒక్క ఇంజెక్షనే. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు 3.4 లక్షలు తేలాయి. 2012తో పోలిస్తే 45 శాతం పైనే తగ్గాయి. ఉన్నవాటినైనా పెళ్ళిళ్ళలో చంపకుండా ఉందాం.

ఫంక్షన్ హాళ్ళ వాళ్ళు తలుచుకుంటే ఇది పెద్ద పని కాదు. డీజే ఉంటే గుర్రాన్ని గేటు దగ్గరికి రానివ్వం, గుర్రం మీద ఇద్దర్ని ఎక్కనివ్వం అని రాయించాలి. వంటవాళ్ళకూ లైట్లవాళ్ళకూ అడ్వాన్సు కాగితం వెనక చీమల బారులా షరతులు అచ్చేస్తారు కదా, వాటి కింద ఇంకో రెండు లైన్లు పట్టకపోవు.