ఇంటిలో విమానం

1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి దాని చుట్టూ బండరాళ్లు, తుప్పలే ఎక్కువగా కనిపించేవి. నేడు అక్కడి నుండి గచ్చిబౌలి వరకు అద్దాల మేడలు బారులు తీరి ఉన్నాయి. వాటిలో పనిచేసే లక్షలాది యువతీయువకులు తయారుచేసే వస్తువులకు బరువు లేదు, వాసన లేదు, చేతికి మసి అంటించే గుణం అంతకన్నా లేదు. నేనీ మాట నిందగా అనడం లేదు. ఆ పని ఎన్ని పల్లెల్లో, ఎన్ని ఇండ్లలో దీపం వెలిగించిందో మనకు తెలియనిది కాదు. అయితే రోజంతా ఆ పనిచేసిన మనిషి రాత్రి ఇంటికి వచ్చి, పానా చేతబట్టి ఇనుప గొట్టాలకు బోల్టులు బిగిస్తూ కూర్చుంటే చూసేవారికి వింతగానే ఉంటుంది.

కొండాపూర్‌లోని మా బంధువుల కుర్రవాడు రెండేళ్లు అదే పని చేశాడు. అతడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. తన ఫ్లాటులోని చిన్న గదిలో విమానపు కాక్‌పిట్‌ను నిర్మించాడు. పాత కారు సీటు, దాని ముందు మూడు తెరలు, చేతి కింద స్టిక్కు, కాళ్ల కింద పెడళ్లు. తెరమీద విమానం వంగితే సీటూ వంగుతుంది. నేలను తాకితే సీటూ అదురుతుంది. దీనిని మోషన్ సిమ్యులేటర్ అంటారు. వాళ్ల అమ్మగారు మాత్రం, “పెళ్లిసంబంధాలవాళ్లు వస్తే ఈ గదిని ఏమని చూపించను? ఇనుప సామాను దుకాణమనా?” అని వాపోయేవారు.

ఈ యంత్రం పుట్టింది కూడా ఒక కార్ఖానా మూలలోనే. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ తండ్రికి ఆర్గాన్ వాద్యాలు తయారుచేసే కార్ఖానా ఉండేది. విమానం నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు చూసి విసిగిన లింక్, ఆర్గాన్‌లోని గాలితిత్తులనే వాడి, అటూ ఇటూ వంగే ఒక పొట్టి విమానాన్ని 1929 నాటికి తయారుచేశాడు. మొదట దానిని కొన్నది వినోదశాలల వారే. 1934లో అమెరికా సైన్యం విమానాలలో టపా మోసే పనికి పూనుకొని, మంచులోనూ మబ్బులోనూ వరుసగా పైలట్లను పోగొట్టుకున్నది. అప్పుడు గాని ఆ ఆటబొమ్మ విలువ తెలియలేదు. సైన్యం వెంటనే ఆరు యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధంలో లక్షలాది వైమానికులు వాటిలోనే శిక్షణ పొందారు.

కదలని గదిలో వేగం ఎలా కలుగుతుంది? అసలు చమత్కారం ఇక్కడ ఉన్నది. మన లోపలి చెవికి ఒక బలహీనత ఉన్నది. విమానం ముందుకు దూసుకుపోతున్నప్పుడు వీపు సీటుకు అదుముకుంటుంది. సీటును మెల్లగా వెనుకకు వంచినా అలాగే అదుముకుంటుంది. ఒకదానికి కారణం త్వరణం, మరొకదానికి భూమ్యాకర్షణ. చెవి ఈ రెండింటినీ వేరుచేసి చెప్పలేదు. పదిహేను డిగ్రీలు వంచితే శరీరపు బరువులో సుమారు నాలుగవ వంతు వీపు మీదికి చేరుతుంది; ప్రయాణికుల విమానం రన్‌వే మీద పరుగెత్తేటప్పుడు కలిగే ఒత్తిడికి ఇది ఇంచుమించు సమానం. ఆ వంపు చెవికి తెలియనంత నిదానంగా జరగాలి. తెర కూడా సీటుతో పాటే వంగాలి, లేకుంటే కన్ను మోసాన్ని పట్టేస్తుంది. బొమ్మకూ కదలికకూ మధ్య కాస్త ఆలస్యం వచ్చినా కడుపులో తిప్పుతుంది. మీ భౌతికశాస్త్ర పుస్తకంలో సైన్ థీటా అన్న రెండు మాటలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. వాటిని వీపుతో తెలుసుకున్నవారు ఎందరు?

మా కుర్రవాడు మొదట ఆరు కాళ్ల వేదికనే తలపెట్టాడు. 1950వ దశకంలో డన్‌లప్ సంస్థలో ఎరిక్ గాఫ్ టైర్ల పరీక్షకు అటువంటిది నిర్మించాడు. 1965లో స్టీవర్ట్ ప్రచురించిన వ్యాసం వల్ల దానికి అతని పేరే స్థిరపడింది. అది ఆరు విధాలుగానూ కదలగలదు. కాని దానికి కావలసిన కచ్చితత్వం ఇంటివారికి సులభంగా అందదు. నాలుగు నెలల తరువాత ఆ కాళ్లు బాల్కనీ చేరాయి. రెండవసారి రెండే మోటార్లు, అవీ కార్ల అద్దాలు తుడిచే వైపర్ మోటార్లు, తీసుకున్నాడు. వాటిని నడిపించడానికి ఆర్డుయినో అనే చిన్న పలక పెట్టాడు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఉపాధ్యాయులు విద్యార్థుల కోసం రూపొందించినది అది.

అయినా సీటు వణికేది. ప్రోగ్రాంలోనే తప్పున్నదని నమ్మి మూడు వారాలు దానిని తిరగరాశాడు. చివరకు, గొట్టాలు వెల్డింగు చేసిన బాలానగర్ ఫిట్టర్‌ను పిలుచుకు వచ్చాడు. అరవై దాటిన ఆ పెద్దాయన తెరల వైపు చూడనేలేదు. సీటు కింద చెయ్యిపెట్టి ఒకసారి ఊపి, “రంధ్రం అరిగి కోలగా అయింది బాబూ. మోటారు తిరిగినా ముందు ఆ సందులోనే తిరుగుతుంది” అన్నాడు. మరునాడు ఒక గన్‌మెటల్ బుష్ తెచ్చి బిగించాడు. వణుకు ఆగిపోయింది.

సైబర్ టవర్స్ రాకకు ఎంతో ముందే, 1968లో, పనిముట్ల రూపకల్పన నేర్పే కేంద్రసంస్థ ఏర్పడింది ఆ బాలానగర్‌లోనే. ఇండియన్ ఎయిర్‌లైన్స్ తన పైలట్లకు సిమ్యులేటర్ల మీద శిక్షణ ఇచ్చింది ఈ నగరంలోనే. 1993లో ఇక్కడ పుట్టిన జెన్ టెక్నాలజీస్ సైనికులకు, పోలీసులకు సిమ్యులేటర్లు తయారుచేస్తున్నది. 2023 మార్చిలో రాయదుర్గంలో టీ-వర్క్స్ తెరిచి, నమూనాల తయారీకి 78 వేల చదరపు అడుగుల చోటు కల్పించారు. ఇంత ఉండికూడా, గణితం, భౌతికశాస్త్రం చదివే మన విద్యార్థులలో చాలామంది పానా పట్టకుండానే ఇంజనీర్లవుతున్నారు. చేతిపని చేసేవాడు చదువుకోనివాడన్న చిన్నచూపు మనలో పాతుకుపోయింది. బాలానగర్‌కూ మాదాపూర్‌కూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే; మన మనసులలో అది చాలా ఎక్కువ.

ఇదంతా డబ్బున్నవారి సరదా కాదా అని మీరు అడగవచ్చు. కొంతవరకు నిజమే. కళాశాల విద్యార్థి మూడు తెరలు కొనలేడు. కాని ఒక పాత సీటు, రెండు మోటార్లు, కోఠిలో దొరికే విడిభాగాలు ఒక కళాశాల ప్రయోగశాలకు మోయలేని భారం కావు. అక్కడ ఒక ఫిట్టర్‌ను కూడా గురువుగా కూర్చోబెట్టాలని నా కోరిక. వేళ్లు నలిగే ప్రమాదం ఉన్నది కనుక, నొక్కగానే మోటార్లకు కరెంటు ఆపే ఎర్రబొత్తాం లేకుండా సీటు మీద ఎవరినీ కూర్చోనివ్వరాదు.

బుష్ బిగించిన రోజు మా కుర్రవాడు ఆ పెద్దాయననే మొదట కూర్చోబెట్టాడు. తెరమీద బేగంపేట రన్‌వే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక మామూలు ప్రయాణికుల విమానాలు దిగడం మానిన చోటు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదట. సీటు వెనుకకు ఒరిగింది, నేల జారిపోయింది, హుస్సేన్‌సాగర్ కింద మెరిసింది. ఆయన రెండు చేతులతో స్టిక్కును గట్టిగా పట్టుకున్నాడు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత తల పక్కకు వంచి విని, “ఎడమవైపు బేరింగు మోగుతోంది, ఆపు బాబూ” అన్నాడు.