రాసే ముందు అడగండి

ఫోన్‌లో చోటు ఎంతుందో చూడకుండా పెద్ద ఫైలు రాయడం మొదలుపెట్టే యాప్‌ను నేను మంచి యాప్ అనను. పెళ్లి వీడియో తీస్తుంటే సరిగ్గా తాళి కట్టే వేళకు ‘స్థలం లేదు’ అంటూ ఆగిపోతే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. ముందే అడగడానికి కోడ్‌లో రెండు మూడు లైన్లు చాలు. కాకపోతే సరిగ్గా అడగాలి. ఆండ్రాయిడ్‌లో అందుకు స్టాట్‌ఎఫ్‌ఎస్ అనే క్లాస్ ఉంది. పాత పద్ధతిలో ఖాళీ బ్లాకుల సంఖ్యను బ్లాకు సైజుతో గుణించేవారు. రెండూ ఇంట్ రకం విలువలే. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ రకంలోకి మార్చకుండా గుణిస్తే లబ్ధం 2,147,483,647 దాటగానే లెక్క తప్పుతుంది, రుణ సంఖ్య కూడా రావచ్చు. బోలెడు చోటున్న ఫోన్ కూడా యాప్‌కు నిండిపోయినట్టు కనిపిస్తుంది! 4.3 వెర్షన్‌లో నేరుగా బైట్లలో చెప్పే గెట్‌అవైలబుల్‌బైట్స్ వచ్చాక ఆ బెడద తీరింది. నాకు ఇంకా నచ్చేది 2017లో ఆండ్రాయిడ్ 8.0తో వచ్చిన గెట్‌అలొకేటబుల్‌బైట్స్. అవసరమైతే క్యాష్ ఫైళ్లను తుడిచి సిస్టమ్ ఇవ్వగలిగిన చోటును కూడా అది లెక్కలో కలుపుతుంది. ఆ వెంటనే అలొకేట్‌బైట్స్‌తో చోటును ఖాయం చేసుకోవాలి. లేదంటే చూసిన క్షణానికీ రాసే క్షణానికీ మధ్య మరో యాప్ దాన్ని వాడేసుకోవచ్చు. 32 జీబీ ఫోన్‌తోనే ఏళ్లు నెట్టుకొచ్చేవాళ్లు మన చుట్టూ ఎందరో ఉన్నారు. డెవలపర్లు అంచుదాకా నిండిన ఫోన్‌లో కూడా తమ యాప్‌ను పరీక్షించాలి. చోటు చాలకపోతే ఇంకా ఎన్ని ఎంబీలు కావాలో, పని మొదలుకాకముందే, తెలుగులో చెప్పాలి.