గుర్రపుసాలను కొలిచేదెవరు?

జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో ఉంది. రాజు చెయ్యెత్తితే మబ్బుల్లోంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ చక్రం, రాణి, మంత్రి. వాళ్ల సరసనే గుర్రం, ఏనుగు. రెండు వేల ఏళ్ల కిందటి శిల్పికి ఆ రెండూ లేని రాజ్యం ఊహకు రాలేదు. పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ 1882లో ఈ స్తూపాన్ని పరిశీలించి, 1887లో పుస్తకం వేశాడు గనక ఆ రాతి గుర్రానికి చరిత్రలో చోటు దొరికింది.

ప్రాణమున్న గుర్రాల ఇళ్లకు ఆ భాగ్యం లేదు.

బేతవోలుకు కోటగోడ కట్టి, తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేసింది జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. ఆ వంశంవారి కోట ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున ఉంది. శిస్తు వసూలుకూ, వార్త పంపడానికీ, ఊరేగింపుకూ గుర్రమే దిక్కైన కాలమది. జమీందారు కోట అంటే గుర్రపుసాల ఉండి తీరాలి. కానీ చూడవచ్చినవారు సింహద్వారం, గుడి చూసి వెనక్కి తిరుగుతారు.

నిజానికి దివాణం కట్టడం కంటే సాల కట్టడమే కష్టం. దివాణంలో ఉక్కపోస్తే దొరగారు వసారాలోకి వస్తారు. కట్టేసిన గుర్రం ఎక్కడికి పోతుంది? అందుకే కప్పు ఎత్తుగా ఉండాలి, వేడిగాలి పోయే కంతలు పైన ఉండాలి. మూత్రం నిలవకుండా నేల వాలుగా, డెక్క జారకుండా గరుగ్గా ఉండాలి. ఉలవలు పెట్టే గాడి దాని మూతికందాలి. హంపీ గజశాలలో ఈ అవసరమే అందమైంది: పదకొండు గదులు ఒకే వరుసలో, వాటిపై రకరకాల గుమ్మటాలు. అక్కడ ఇప్పుడు జనం టికెట్టు కొని మరీ చూస్తున్నారు!

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. శిస్తు పోయింది, దాణా ఖర్చు దండగైంది. మోటారు కారుకు గాడి అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి కట్టడాల రక్షణ చట్టమేమో నోటిఫై చేసినవాటినే కాపాడుతుంది. పాత కోట వెనక సాలను నోటిఫై చేయమని అడిగేవారే లేరు.

ప్రతి సాలనూ మ్యూజియం చేయమని ఎవరూ కోరరు. సొంతదారులకూ గోడలు నిలబెట్టే స్తోమత ఉండాలి కదా. కూల్చేముందు ఒక కొలతల పటం, నాలుగు ఫొటోలు చాలు. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. వచ్చే ఏడాది విద్యార్థులను టేపులిచ్చి నందిగామ, జగ్గయ్యపేట వైపు పంపితే, ఇంటివారు తలుపు తీస్తే, ఈ పని మొదలవుతుంది.