ఆచార్యపీఠములు: దాతల కర్తవ్యము

మన దేశమున దాతలకు కొదువలేదు. సత్రములు కట్టించినవారు, చెరువులు త్రవ్వించినవారు, దేవాలయములకు మాన్యములు వ్రాసినవారు ఊరూర గలరు. భౌతికశాస్త్ర పరిశోధకునకు కుటుంబభారము తీర్చి, నిశ్చింతగా పనిచేయనిచ్చుటయు అట్టి ధర్మమేయని తలచినవారు మాత్రము అరుదు.

కలకత్తా న్యాయవాది తారకనాథ పాలిత్ అట్టి అరుదైన దాత. ఆయన 1912వ సంవత్సరమున సుమారు 15 లక్షల రూపాయల ఆస్తిని కలకత్తా విశ్వవిద్యాలయమునకు ధారవోసెను. మరుసటి యేట మరియొక న్యాయవాది రాసవిహారీ ఘోష్ 10 లక్షలొసగెను. ఈ నిధులతో విజ్ఞానకళాశాలయు, ఆచార్యపీఠములును వెలసెను. పీఠములు భారతీయులకే చెందవలెనని పాలిత్ నియమము. పరాయిపాలనలో మనవారి యోగ్యతపై విశ్వాసముంచి వ్రాసిన షరతది.

ఆ విశ్వాసము వమ్ముకాలేదు. చంద్రశేఖర వేంకటరామన్ ఆర్థికశాఖలోని పెద్దజీతమును విడిచి, 1917లో చిన్నజీతమునకు పాలిత్ పీఠము నధిష్ఠించెను. 1928 ఫిబ్రవరి 28న ఆయన పేరిటి కాంతిఫలితము కనుగొనబడెను. 1930లో నోబెల్ బహుమానము లభించెను.

ఇందు గ్రహింపవలసిన విశేషములు రెండు గలవు. పీఠాధిపతి విదేశమున శిక్షణ పొందవలెనని తొలుత నియమముండెను. రామన్ సమ్మతింపలేదు. ఆశుతోష ముఖర్జీ పూనికచే ఆ నియమము సడలెను. సడలనిచో ధనము మిగిలి, యోగ్యుడు దక్కకపోయెడివాడు. మరియు పరిశోధన జరిగినది మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన విజ్ఞానసంస్థలో. జీతమొక్కటే చాలదు, పనిముట్లును, ప్రయోగశాలయు గావలెను.

ఆంధ్రులకును ఇట్టి దాత లేకపోలేదు. జయపురాధీశుడు విక్రమదేవవర్మ ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్షరూపాయలొసగెను. అచటి విజ్ఞానకళాశాల ఆయన పేరు ధరించెను. రామన్ శిష్యుడు సూరి భగవంతము 1932లో అచట చేరి, భౌతికశాస్త్రమునకు ప్రతిష్ఠ దెచ్చెను.

నేడు దేశము స్వతంత్రము; ధనవంతులును పెరిగిరి. పరిశోధన సర్కారు పనియని చేతులు ముడుచుకొనుట తగదు. పీఠమును స్థాపింపగోరువారికి మా మనవి యిది: వడ్డీలో కొంత మూలధనమున గలుపుడు, లేనిచో పెరుగు ధరలు నిధిని హరించును. పరికరములకు వేరుగ ధనముంచుడు. ఆచార్యుని యెన్నిక పండితులకు వదలుడు. పేరు మీది, విషయనిర్ణయము వారిది. గోడమీది శిలాఫలకముకంటె, పీఠమున గూర్చుండిన యోగ్యుని కృషియే దాతపేరును చిరకాలము నిలుపును.